వాగు వంపు అవతల

భర్తకి గుండె ఆపరేషన్ అయితే ఏ ఆడమనిషైనా భయపడుతుంది. మరియరాణి గుండె జబ్బుల వార్డులోనే పనిచేసే నర్సు. ఏ మాత్ర ఎందుకిస్తారో, ఏ నొప్పి దేనికి సూచనో అన్నీ తెలిసిన మనిషి. అందువల్ల ఆమె భయం మామూలు భయం కాదు, వివరాలన్నీ తెలిసిన భయం.

ఆమె భర్త సుందర్ రాజు బ్రిస్బేన్‌కి కాస్త దూరంలో ఉన్న టూవూంబా ఊళ్ళో ఇంజనీరింగ్ పాఠాలు చెప్తాడు. పోయినేడాది చలికాలంలో పరీక్ష హాల్లో కాపలా తిరుగుతూ తిరుగుతూ ఒక కుర్రాడి బల్ల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. బ్రిస్బేన్ తీసుకెళ్ళి ఛాతీ కోసి, కాల్లోంచి తీసిన నరాలు గుండెకి అతికారు. కుట్లు మానాయి. మనిషి కోలుకున్నాడు. తొంభై ఒకటి నవంబరు వచ్చేసరికి బ్రిస్బేన్ డాక్టరు, "ఇంక నువ్వు నా దగ్గరికి రావక్కర్లేదు. నడువు, ఈదు, కొండలెక్కు, నీ ఇష్టం" అని చెప్పి చెయ్యి కలిపి పంపించేశాడు.

మరియరాణి ఆ మాట విని బుద్ధిగా తలూపింది గానీ నమ్మలేదు. అలా చెయ్యి కలిపి పంపించినవాళ్ళు మళ్ళీ స్ట్రెచర్ మీద తన వార్డుకి రావడం ఆమె చూసింది. రానివాళ్ళు వందలమంది ఉన్నారు. వాళ్ళ మొహాలు ఆమెకి గుర్తులేవు.

ఇంట్లో ఆమె పద్ధతులు మారిపోయాయి. కొట్టు నుంచి సంచులు తనే మోసేది. గడ్డి కోసే మెషిన్ పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. ఆయన స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టుకోనిచ్చేది కాదు. నడిరాత్రి మెలకువ వచ్చి, చీకట్లో ఊపిరి చప్పుడు వినపడేదాకా అలా కూర్చునేది. సుందర్ రాజు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. అయితే ఆయనకి ఆ రోజుల్లో ఒక కొత్త పిచ్చి పట్టుకుంది.

ఆపరేషన్ తరవాత వ్యాయామం నేర్పించే పిల్ల, "ఏదైనా నిదానంగా చేసే పని పెట్టుకోండి" అందట. ఆయన గాలం పెట్టుకున్నాడు. మామూలు గాలం కాదు. ఎర ఉండదు. కోడి ఈకలు, కుందేలు బొచ్చు, పట్టుదారం కలిపి చిన్న కొక్కేనికి చుట్టి, చూడ్డానికి ఈగలా కనపడేదాన్ని తయారుచేస్తారు. దాన్ని బరువైన దారం చివర కట్టి నీటిమీద నిజం ఈగ వాలినట్టు వాలేలా విసరాలి. చేప మోసపోయి పైకొచ్చి అందుకోవాలి. నెలల తరబడి భోజనాల బల్ల మీద ఈకలే. సాయంత్రాలు పార్కులో గడ్డి మీద నిలబడి, నీళ్ళు లేకుండానే దారం విసరడం ప్రాక్టీసు చేసేవాడు. మరియరాణి డ్యూటీ దిగి, యూనిఫారంతోనే ఫెన్సు దగ్గర నిలబడి చూసేది. నరసాపురంలో పుట్టి, గోదారి చేప తిని పెరిగిన మనిషి గడ్డిలో గాలం వెయ్యడం ఏమిటో ఆమెకి అర్థమయ్యేది కాదు. కానీ ఆ చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతున్నంతసేపూ ఛాతీలో కుట్లు ఎలా లాగుతున్నాయో అన్నదే ఆమె ధ్యాస.

చివరికి ఆయన నిజం వాగు కావాలన్నాడు. క్వీన్స్‌లాండ్ ఎండలకి ట్రౌట్ చేపలు బతకవు. దక్షిణంగా రాష్ట్రం సరిహద్దు దాటి న్యూ ఇంగ్లండ్ కొండలకి వెళ్ళాలి. బ్రిస్బేన్‌లో యూనివర్సిటీకి వెళ్తున్న కూతురు ఎవా ఫోన్లో విని, "మమ్, జస్ట్ లెట్ హిమ్ గో. హీ ఈజ్ నాట్ యువర్ పేషెంట్" అంది.

"నేనూ వెళ్తాను" అంది మరియరాణి.

శుక్రవారం బయల్దేరి రాత్రికి గైరా ఊళ్ళో మోటెల్‌లో దిగారు. పొద్దున్నే మంచు విడవకముందే ఒక పశువుల ఫారం దగ్గర కారాపారు. వాగు ఆ ఫారం దిగువన, కొండల మధ్య లోయలో ఉంది. ఫారం యజమాని నోరీన్ అనే అరవై దాటిన ఆవిడ. మొగుడు పోయాక ఆవుల్నీ గొర్రెల్నీ ఒక్కతే చూసుకుంటోంది. గేటు తీసినవాళ్ళు మళ్ళీ వెయ్యాలనీ, ఎండెక్కాక పాములు బయటికొస్తాయనీ చెప్పి, మరియరాణి భుజాన వేలాడుతున్న సంచి వైపు చూసి, "కాంపింగ్ చేస్తారా?" అని అడిగింది.

"లేదు, సాయంత్రానికి వచ్చేస్తాం" అన్నాడు సుందర్ రాజు.

వాలు దిగడం మొదలుపెట్టాక ఆ సంచిలో ఏముందో ఆయన అడిగాడు. పులిహోర, ఉడికించిన గుడ్లు, ఫ్లాస్కులో టీ, తువ్వాలు, దుప్పటి. నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఒక సీసా సంచిలో, ఒకటి ఆమె జేబులో.

"అడుగున గట్టిగా తగుల్తోంది, అదేంటి?"

"బీపీ మెషిన్."

ఆయన నవ్వలేదు. నడుస్తూనే, "సంచి నాకియ్యి" అన్నాడు. ఆమె ఇవ్వలేదు.

దారి అంటూ లేదు, ఆవులు నడిచిన బాటే. తెల్లటి మానుల చెట్ల మధ్య నుంచి, చెట్టంత ఫెర్న్‌ల కింద నుంచి దిగుతూ పోయారు. గడ్డి తడికి జలగలు బూట్ల మీదికి పాకాయి. కొంతదూరం వెళ్ళేసరికి నీళ్ళ చప్పుడు వినపడింది, ఆ తరవాత వాగు కనపడింది. టీ రంగు నీళ్ళు. నల్లటి గుండ్రాళ్ళ మధ్య నుంచి తెల్లగా దూకి, ఒక మడుగులో ఆగి, మళ్ళీ దూకి ఇంకో మడుగులోకి పోతున్నాయి.

సుందర్ రాజు ఒడ్డునే మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు నీళ్ళకేసి చూశాడు. లేచి వాగులో పిక్కల దాకా దిగి దారం విసిరాడు. మొదటి రెండుసార్లూ చెట్టుకొమ్మకి చిక్కుకుంది. తరవాత పడింది. పార్కులో గడ్డి మీద చూసినప్పుడు పిల్లల ఆటలా కనపడిన ఆ విసురు, ఇక్కడ నీళ్ళ మీద వేరుగా కనపడింది. దారం గాల్లో ఒంపు తిరిగి, విప్పుకుని, చివరనున్న ఈకల ఈగ చప్పుడు లేకుండా వాలింది. ప్రవాహంలో కాస్త దూరం కొట్టుకొచ్చిందో లేదో కింద నుంచి ఒక బంగారు మెరుపు లేచి దాన్ని మింగింది.

చేప జానెడుంది. ఒంటినిండా ఎర్రచుక్కలు. ఆయన చెయ్యి తడుపుకుని దాన్ని మెల్లిగా పట్టుకుని, కొక్కెం తీసి, నీళ్ళలో తల ఎగువకి తిప్పి కాసేపు ఊతమిచ్చి వదిలేశాడు.

"వదిలేశారేంటి?" అంది మరియరాణి.

"చిన్నది."

"పులుసుకి సరిపోయేది."

ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు. ఎన్నో నెలలకి ఆ నవ్వు చూసింది ఆమె. చూసి సంతోషించాల్సింది పోయి, మొహం అంత ఎర్రబడిందేమిటా అనుకుంది. రాళ్ళ మీద అడుగులేసుకుంటూ వెళ్ళి, చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని మణికట్టు మీద వేళ్ళు పెట్టింది.

ఆయన చెయ్యి లాక్కోలేదు. ఆమె లెక్క పూర్తయ్యేదాకా ఆగాడు. అప్పుడు నెమ్మదిగా అన్నాడు.

"రాణీ, ఆ బల్ల దగ్గర కూలినప్పుడు పోతే పోయేవాణ్ణి. పోలేదు. అప్పటినుంచీ నువ్వు నన్ను కాపలా కాస్తున్నావు. నాతో కూర్చుని టీ తాగి ఎన్నాళ్ళైందో నీకు గుర్తుందా?"

"మీకేమైనా అయితే..."

"అయితే అవుతుంది. నాకు ఒకటి చేసిపెట్టు. ఇక్కడ ఈ రాయి మీద కూర్చో. ఆ వంపు అవతలికి నేనొక్కణ్ణే వెళ్తాను. భోజనం వేళకి వస్తాను. నా వెనకాల రాకు."

మరియరాణికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, "సరే" అంది. ఆయన గాలంకర్ర భుజాన పెట్టుకుని నీళ్ళలోనే ఒడ్డు వెంబడి ఎగువకి నడిచి, వంపు తిరిగి కనపడకుండా పోయాడు.

ఆమె రాయి మీద కూర్చుంది. ఫ్లాస్కు తీసింది, టీ పోసుకోకుండానే మూతపెట్టింది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఆయన నీళ్ళలో బోర్లాపడి ఉన్నట్టు కనపడింది. కళ్ళు తెరిచింది. వాగు చప్పుడులో మనిషి కేక వేసినా వినపడదు కదా అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చాక కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఊరికే వంపు దాకా వెళ్ళి, ఆయనకి కనపడకుండా ఒక్కసారి చూసి వచ్చేద్దామనుకుంది.

తానున్న ఒడ్డు మీద ముళ్ళపొదలు నీళ్ళ దాకా అల్లుకున్నాయి. అవతలి ఒడ్డు చదునుగా ఉంది. మడుగు తలాపున రాళ్ళ మీద నుంచి దాటొచ్చనిపించింది. మొదటి రాయి, రెండో రాయి బాగానే ఉన్నాయి. మూడో రాయి మీద నాచు పట్టి ఉంది.

పడ్డప్పుడు ముందు చలే తెలిసింది. ఛాతీ మీద ఎవరో గట్టిగా తన్నినట్టు ఊపిరి ఆగింది. తేరుకుని లేవబోయింది. లేవలేకపోయింది. కుడికాలు రెండు బండల సందులో దిగబడిపోయింది. పైబండ ఆమె బరువుకి కదిలి, చీలమండ మీదికి ఒరిగి కూర్చుంది. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. ప్రవాహం వెనక నుంచి నెడుతోంది. పక్కనున్న రాతిని రెండు చేతులా వాటేసుకుని ఉండకపోతే మొహం నీళ్ళలోకి పోతుంది.

పిలవాలి. నోరు తెరిచింది. తెరిచి, మూసేసింది.

పిలిస్తే ఆయన పరిగెత్తుకొస్తాడు. ఈ రాళ్ళ మీద పరిగెత్తుతాడు. వచ్చి ఈ మంచునీళ్ళలోకి దూకుతాడు, ఈ బండ ఎత్తడానికి చూస్తాడు. అతుకుల గుండె. ఆమె కళ్ళముందు తన వార్డు కదిలింది. కాలు తనంతట తనే తీసుకోవాలనుకుంది. బండని తోసింది, కాలు మెలిపెట్టింది, కళ్ళల్లో నిప్పులు కురిసినట్టు నొప్పి లేచింది. బండ కదల్లేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ. పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది. వేళ్ళకి పట్టు తెలియడం మానేసింది. ఒణుకు ఆగిపోతే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు.

అప్పుడు పిలిచింది. "ఏమండీ" అన్న గొంతు ఆమెకే సరిగా వినపడలేదు. ఇంకోసారి పిలవబోయి తలెత్తేసరికి సుందర్ రాజు ఎగువ ఒడ్డు మీద నిలబడి ఉన్నాడు.

ఆయన పరిగెత్తలేదు. చేతిలో గాలంకర్ర కింద పెట్టి, ఏ రాయి మీద అడుగెయ్యాలో చూసుకుంటూ వచ్చాడు. నడుంలోతు నీళ్ళలోకి దిగి, ముందు ఆమె వీపు వెనక నిలబడి ప్రవాహానికి అడ్డం పెట్టాడు. నెట్టుడు తగ్గింది.

"కాలా?"

"కుడికాలు. బండ కింద. మీరు ఎత్తొద్దు. మీరు బరువెత్తకూడదు."

"నేనెత్తను" అన్నాడు. "కాసేపు గట్టిగా పట్టుకో."

ఒడ్డుకి వెళ్ళి, వరదకి కొట్టుకొచ్చిన ఒక కొమ్మ తెచ్చాడు. బండ కింద దూర్చి నొక్కితే అది పటుక్కున విరిగింది. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి తన చెయ్యంత లావున్న చేవ కర్ర ఈడ్చుకొచ్చాడు. ఒక చిన్న రాయి ఆధారంగా పెట్టి, కర్ర మొదలు బండ కిందికి పోనిచ్చి, చివర మీద నెమ్మదిగా తన బరువంతా మోపాడు. క్లాసులో పిల్లలకి చెప్పే గొంతుతోనే, "నేను 'ఇప్పుడు' అంటాను, అప్పుడు లాగు. ముందు లాగకు" అన్నాడు.

బండ గరగరమంది.

"ఇప్పుడు."

ఆమె లాగింది. బూటు లోపలే ఉండిపోయింది, కాలొచ్చింది.

ఆయన ఆమె చంకల కింద చేతులు వేసి సగం ఈడ్చుకుంటూ, సగం మోసుకుంటూ ఒడ్డుకి చేర్చాడు. తడిబట్టలు విప్పించి, తువ్వాలుతో తుడిచి, దుప్పటి చుట్టాడు. అదీ చాలదని తన చొక్కా విప్పబోతే కింది నుంచి సగం దాకా తడిసి ఉంది. కోటు ఒడ్డున వదిలాడు కనక పొడిగా ఉంది, అది కప్పాడు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆమె పెదాల దగ్గర పెట్టాడు. ఆమె చేతులు పట్టుకోలేకపోతున్నాయి.

రెండు గుక్కలు దిగాక మాట వచ్చింది. "నొప్పి ఉందా?"

"నన్నా అడుగుతున్నావు?"

"ఛాతీలో. ఎడంచేతిలో. దవడలో. నొప్పి ఉందా?"

"అరచెయ్యి గీసుకుపోయింది. అది మండుతోంది."

ఆమె ఆయన మణికట్టు అందుకుంది. ఈసారి దాపరికం లేకుండా పట్టుకుంది. నాడి గబగబా కొట్టుకుంటోంది. ఎక్కడో ఒకచోట తప్పుతుందని, ఆగి మళ్ళీ అందుకుంటుందని కాసుకుని కూర్చుంది. తప్పలేదు. చన్నీళ్ళలో నిలబడి, కర్రలు మోసి, బండ కదిపి, ఆలిని మోసుకొచ్చిన మగాడి నాడి ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆమె వేళ్ళ కిందే మెల్లమెల్లగా నెమ్మదించింది. మంచి గట్టి నాడి. ఏ పేషెంటుకి ఇలా ఉన్నా చార్టులో రాసి, చిరునవ్వు నవ్వి, పక్క మంచానికి వెళ్ళిపోయి ఉండేది.

ఆయన మణికట్టు వదలకుండానే ఆమె ఏడ్చింది. ఆపరేషన్ రోజు ఏడవలేదు, ఆ తరవాతా ఏడవలేదు. ఇప్పుడు దుప్పట్లో ముడుచుకుని, ముక్కు కారుతూ, చిన్నపిల్లలా ఏడ్చింది. సుందర్ రాజు పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

"ఎందుకు పిలవలేదు?" అన్నాడు కొంతసేపటికి.

"పరిగెత్తుకొస్తారని."

ఆయన ఫ్లాస్కు మూతలో ఇంకాస్త టీ పోసి ఆమెకిచ్చాడు.

"మరి మీరెలా వచ్చారు? వినపడిందా?"

"ఏం వినపడలేదు. నువ్వు ఆ రాయి మీద కూర్చుంటావని నేను అనుకున్నానా? వంపు తిరగ్గానే అక్కడే ఆగి, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూస్తున్నాను. గాలం కూడా వెయ్యలేదు. ఎంతకీ రాకపోయేసరికి నాకు భయం వేసింది."

మరియరాణికి ఏడుపులోనే నవ్వొచ్చింది. నవ్వితే కాలు నొప్పి పుట్టింది.

కాలు బాగా వాచింది. ఆమె తనే వేళ్ళతో నొక్కి చూసుకుంది. ఎముక విరిగినట్టు లేదు, కానీ అడుగు మోపే పరిస్థితి కాదు. పైకి ఫారం దాకా ఏటవాలు. ఆయన తనని వీపున ఎక్కించుకుంటానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇది భయంతో అన్న మాట కాదు. ఆమె బరువు ఆమెకి తెలుసు.

మిగిలింది ఒకటే దారి. నోరీన్‌ని పిలుచుకురావాలి. అంటే ఆయన ఒక్కడే కొండ ఎక్కాలి. ఆ మాట ఆయన తనంతట తను అనలేదు. ఆమె అనేదాకా ఆగాడు.

"వెళ్ళిరండి" అంది మరియరాణి. "నిదానంగా వెళ్ళండి. ఆగి ఆగి వెళ్ళండి."

ఆయన తలూపి బయల్దేరాడు. చెట్లలోకి వెళ్ళాక ఆమెకి మాత్రలు గుర్తొచ్చాయి. సంచిలో సీసా సంచిలోనే ఉంది. జేబులోది మూత ఊడి, మాత్రలు వాగునీళ్ళకి నాని పిండైపోయాయి. ఆయన దగ్గర ఒక్క మాత్ర కూడా లేదు. కేకేస్తే ఇంకా వినపడే దూరమే. ఆమె మెడ చాపి చూసింది. తెల్లటి మానుల మధ్య ఆయన నీలం చొక్కా పైకి పోతూ కనపడింది. ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ నడిచాడు. నడకలో తడబాటు లేదు. అలా నడిచే మనిషిని వెనక్కి పిలిచి మాత్ర చేతిలో పెట్టడం ఆమెకి ఎందుకో బాగుండదనిపించింది. పిలవలేదు. నీలం చొక్కా చెట్లలో కలిసిపోయింది.

భయం వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. దానికి బదులు ఆకలి వేసింది. పులిహోర డబ్బా తెరిచి తినడం మొదలుపెట్టింది. ఆయన వాటా కూడా సగం తినేసింది. ఎండ చెట్ల మీద నుంచి దిగి దుప్పటి మీద పడింది. మడుగులో నీళ్ళు చిన్నగా ముడతలు పడి, బాతుమూతి ప్లాటిపస్ ఒకటి తేలి, నమిలి, మళ్ళీ మునిగింది. మరియరాణి ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉండి దాన్ని బొమ్మల్లో తప్ప చూడలేదు. అది మళ్ళీ ఎక్కడ తేలుతుందా అని చూస్తూ చూస్తూ అక్కడే నిద్రపోయింది.

ఇంజను చప్పుడుకి మెలకువ వచ్చింది. నోరీన్ తన యూట్‌ని, అంటే వెనక తొట్టి ఉన్న ఫారం బండిని, అవతలి గట్టు మీద ఉన్న అడవి బాటలో వీలైనంత కిందికి తెచ్చింది. ఆమె పక్క సీట్లో నుంచి సుందర్ రాజు దిగాడు. చెమట పట్టింది, మొహం కళగా ఉంది. ఇద్దరూ చెరో పక్కా భుజాలు పట్టి మరియరాణిని దాటించి బండెక్కించారు. నోరీన్ ఆమె కాలు చూసి, "పొద్దున మీ ఇద్దర్నీ చూసి, నడవలేకపోతే ఆయనే నడవలేడేమో అనుకున్నాను" అంది.

"నేనూ అదే అనుకున్నాను" అంది మరియరాణి.

ఫారం వంటింట్లో కాలు కుర్చీ మీద పెట్టి, వాపు తగ్గడానికి గడ్డకట్టిన బఠాణీల సంచి కట్టారు. నోరీన్ ఇద్దరికీ వేడివేడిగా గొర్రెమాంసం సూప్ పోసింది. అందులో ఉప్పు దండిగా ఉంది. సుందర్ రాజు మరియరాణి వైపు ఒకసారి చూశాడు. ఆమె తన గిన్నెలోకి చూసుకుంటూ తాగింది.

అక్కడి నుంచే ఎవాకి ఫోన్ చేశారు. పొద్దుపోయేలోగా టూవూంబా చేరేలా లేరు కాబట్టి కూతురు కంగారు పడుతుందని.

"ఏంటి, వాగులోనా? అమ్మా, ఈజ్ డాడ్ ఓకే?" అంది ఎవా. కంగారులో ఎవాకి కొంచెం తెలుగు వస్తుంది.

"డాడీ బాగున్నారు" అంది మరియరాణి.

నెలల తరబడి ఎవరడిగినా ఆమె ఈ మాటే చెప్తూ వచ్చింది. చెప్పినప్పుడల్లా లోపల ఏదో బిగబట్టుకునేది. ఇవాళ మాట దానంతట అది వచ్చేసింది. అవతల ఎవా కూడా తేడా పసిగట్టినట్టుంది, ఈసారి అమ్మకేమైందని అడిగింది.

తిరుగు ప్రయాణంలో సుందర్ రాజే కారు నడిపాడు. అంతకుముందు దూరప్రయాణాల్లో స్టీరింగ్ ఆమె చేతిలోనే ఉండేది. కిటికీ అవతల మైదానాలు పసుపురంగు తిరిగి, నెమ్మదిగా మసకబారుతున్నాయి. టెంటర్‌ఫీల్డ్ దాటేసరికి ఆమెకి కునుకు పట్టసాగింది.

"ఏప్రిల్‌లో మళ్ళీ వద్దామా?" అన్నాడాయన. "అప్పటికి నీ కాలు మానుతుంది."

"వద్దాం. అప్పుడు నాకు కూడా ఒక గాలంకర్ర కొనండి. ఊరికే కూర్చుంటే ఏవేవో ఆలోచనలు వస్తాయి."

"చేప పడితే?"

"నేను వదలను" అంది ఆమె. సీటు వెనక్కి వాల్చుకుని, దుప్పటి గెడ్డం దాకా లాక్కుని కళ్ళు మూసుకుంది. ఆయన హీటరు కొంచెం పెంచాడు.